కాన్పు గదిలో తండ్రికి చోటు

మన గంగవరం పల్లెల్లో ఆవు ఈనుతుందంటే ఇంటి మగవాడు రాత్రంతా కొట్టంలోనే కాపలా ఉంటాడు. దూడ సరిగ్గా వస్తోందా, మాయ పడిందా అని అన్నీ దగ్గరుండి చూసుకుంటాడు. అదే మనిషి భార్య కాన్పప్పుడు ఆసుపత్రి వరండాలో నిలబడతాడు. తొలికాన్పయితే అక్కడా ఉండడు, అత్తగారింటి నుంచి ఫోనొచ్చాకే బయల్దేరతాడు. అమెరికాలో భర్తలు లోపలే ఉంటారని చెబితే ‘అది వాళ్ల ఆచారంలే’ అంటారు మనవాళ్లు. నేను స్థిరపడిన ఈ దేశంలో ఆ ఆచారం మొదలై గట్టిగా 60 ఏళ్లే.

1900 నాటికి ఇక్కడా కాన్పులు ఎక్కువగా ఇళ్లలోనే జరిగేవి. చుట్టూ మంత్రసాని, ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఉండేవారు. 1950ల కల్లా దాదాపు అందరూ ఆసుపత్రి బాట పట్టారు. అక్కడ చాలామంది తల్లులకు మందులిచ్చి మగతలో ఉంచేవారు. తోడుండే ఆడవాళ్లు దూరమై తల్లి ఒంటరిదైంది. భర్తది వెయిటింగ్ రూము. షికాగోలో వెస్లీ మెమోరియల్ ఆసుపత్రివాళ్లు అక్కడ నోటుపుస్తకాలు పెడితే, తండ్రులు తమ భయాలన్నీ వాటిలో రాసుకునేవారు. చరిత్రకారిణి జూడిత్ లెవిట్ 2009లో ఆ రాతలు కూడా చదివి ఈ కథంతా పుస్తకం చేశారు.

మార్పు కోసం మొదట పట్టుబట్టింది తల్లులే. ఫ్రెంచి డాక్టరు లమాజ్ పద్ధతిలో బిడ్డను కన్న మార్జరీ కార్మెల్ 1959లో తన అనుభవం రాసింది. ఆ పద్ధతిలో మెలకువగా ఉండి కనాలంటే, ఊపిరి తీసుకునే తీరు గుర్తుచేస్తూ పక్కన ఒకరుండాలి. ఆ పని భర్త అందుకున్నాడు. పశువుల ఈతలు చూస్తూ పెరిగిన డెన్వర్ డాక్టరు రాబర్ట్ బ్రాడ్లీ, భర్తకు శిక్షణ ఇవ్వాలంటూ 1965లో పుస్తకమే తెచ్చాడు. ఇన్ఫెక్షన్లు వస్తాయనీ, మగవాళ్లు కళ్లు తిరిగి పడిపోతారనీ ఆసుపత్రులు అడ్డుచెప్పాయి. ఇండియానాలో కొందరు కోర్టుకెక్కితే, అది రాజ్యాంగ హక్కు కాదని 1975లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. అయినా భర్తను రానిచ్చే ఆసుపత్రికే తల్లులు మొగ్గుతుంటే మిగతావీ దారికొచ్చాయి.

నా కొడుకు పుట్టినప్పుడు నర్సమ్మ కత్తెర నా చేతికిచ్చింది. బొడ్డుతాడు జారుతోంది, గట్టిగా నొక్కితేగాని తెగలేదు. దానికన్నా ముందు గడిచిన గంటలే నాకు పెద్దవి. నా భార్య నడుము రుద్దాను, గుక్కెడు నీళ్లు పట్టాను, నొప్పుల్లో ఆమె పలకలేని మాట డాక్టరుకు చెప్పాను.

మన దేశంలోనూ కేంద్ర ప్రభుత్వం 2016లో సర్కారు ఆసుపత్రుల్లో కాన్పుకు తోడును అనుమతించింది. కాన్పు అనుభవమున్న ఆడమనిషి ఉండాలంది, తగిన మరుగున్న చోట భర్తా ఉండవచ్చంది. నాలుగు మంచాలు పక్కపక్కనే వేసిన గదిలోకి మగవాడు వస్తే మిగతా ఆడవాళ్లకు ఇబ్బందే. అందుకే మంచానికీ మంచానికీ మధ్య తెర ముందు కావాలి. తోడు అమ్మా, అక్కా, మొగుడా అన్నది కనే మనిషి ఇష్టం. ఆమె రమ్మంటే వెనకాడకండి. నెలనెలా చెకప్‌కు వెంట వెళ్లి, లోపలికి రానిస్తారా అని డాక్టరమ్మను ముందే అడగండి. అమెరికాలోనూ అడగ్గా అడగ్గానే వచ్చిన మార్పు ఇది.