ఖాళీలు పూరింపుము

నేను అమెరికా వచ్చిన కొత్తల్లో, 1994లో, మొదటి ఉద్యోగంలో రాసిన మొదటి రిపోర్టు ఎర్రసిరా పూసుకుని తిరిగొచ్చింది. లెక్కల్లో తప్పుల్లేవు. 'డిస్కస్డ్ అబౌట్' అన్నచోట 'అబౌట్' మీద ఒక గీత, 'రీచ్డ్ టు' అన్నచోట 'టు' మీద ఒక గీత, 'రిక్వెస్టెడ్ ఫర్' అన్నచోట 'ఫర్' మీద ఇంకోటి. మా మేనేజరు మర్యాదస్తుడు, పక్కన ఒక్క మాట కూడా రాయలేదు. మొత్తం పదమూడు గీతలు. ఆ రాత్రి లెక్కపెట్టుకున్నాను కనక చెబుతున్నాను.

పైగా మా నాన్నగారు ఇంగ్లీషు మేష్టారు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో గ్రామరు చెప్పిన మనిషి కొడుకుని. ఆ గీతలు నా ఒక్కడి మీదే పడ్డట్టు అనిపించలేదు.

అప్పట్లో నాకు నేను చెప్పుకున్న సంజాయిషీ అందరూ చెప్పేదే: ఇదంతా మాతృభాష చలవ. 'దాని గురించి చర్చించాం' అంటాం గనక 'అబౌట్' వచ్చింది, 'ఊరికి చేరాం' అంటాం గనక 'టు' వచ్చింది. వినడానికి బాగానే ఉంది. కానీ తరవాత తీరిగ్గా ఆలోచిస్తే ఈ లెక్క తేలలేదు. తెలుగులో 'ఆ విషయాన్ని నొక్కి చెప్పాడు' అంటాం గానీ 'విషయం మీద నొక్కి చెప్పాడు' అనం కదా, మరి 'ఎంఫసైజ్డ్ ఆన్' ఎక్కణ్ణించి వచ్చింది? 'సెలవు అడిగాను' అంటాం, 'సెలవు కోసం' అనం. మరి 'రిక్వెస్టెడ్ ఫర్ లీవ్'లో ఆ 'ఫర్' ఎవరిది? అదీగాక ఈ 'డిస్కస్ అబౌట్' మనకొక్కళ్ళకే పట్టిన జబ్బు కాదు. సింగపూరులోనూ అంటారు, నైజీరియాలోనూ అంటారు. వాళ్ళెవరికీ తెలుగు రాదు.

అసలు కిటుకు నామవాచకాల్లో ఉంది. 'డిస్కషన్ అబౌట్', 'ఎంఫసిస్ ఆన్', 'రిక్వెస్ట్ ఫర్', 'ఎంట్రీ ఇంటూ' అన్నీ నిక్షేపంలాంటి ఇంగ్లీషు. నామానికి ఉన్న తోక క్రియకీ ఉంటుందనుకోవడంలో తెలివితక్కువేమీ లేదు. ఒకవిధంగా చూస్తే ఇంగ్లీషు కన్నా మనమే పద్ధతిగా ఉన్నాం.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషుకి మన తెలుగుకున్నట్టే విభక్తులుండేవి. మాట చివర మారేది. 'హెల్ప్', 'ఫాలో' లాంటి క్రియల పక్కన వచ్చే మనిషి మన చతుర్థిలాంటి విభక్తిలో ఉండేవాడు, మనం 'వాడికి సాయం చేశాను' అన్నట్టే. జర్మనులో 'హెల్ఫెన్' అనే క్రియకి ఇప్పటికీ అదే పద్ధతి. 1066లో నార్మన్లు వచ్చి రాజ్యం పట్టుకునేటప్పటికే ఆ తోకలు అరగడం మొదలైంది. ఆ తరవాత మూడు వందల ఏళ్ళలో, అంటే చాసర్ కాలానికి, దాదాపుగా రాలిపోయాయి. అవి చేసే పనిని మాటల వరసా, ఈ చిన్న ప్రిపొజిషన్లూ కలిసి పంచుకున్నాయి. ఏ క్రియకి ఏది అన్నది ఎవరూ కూర్చుని తీర్మానించలేదు. 'హెల్ప్'కి ఏమీ దక్కలేదు, 'లిజన్'కి 'టు' దక్కింది. అన్నదమ్ముల పంపకాల్లాగే, ఎవరికేది ఎందుకొచ్చిందో తరవాత వాళ్ళకి అర్థం కాదు.

ఫ్రెంచి వైపు నుంచి వచ్చిన మాటల కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 'ఎంటర్', 'మేరీ', 'రిజెంబుల్' అన్నీ అటునించి వచ్చినవే. 'డిస్కస్'కి మూలం లాటిను, దులిపి విడదీయడం అని దాని మొదటి అర్థం. ఈ క్రియల ఫ్రెంచి చుట్టాలు ఇప్పటికీ తోకలతోనే తిరుగుతున్నాయి. ఫ్రెంచివాడు 'దీని గురించి' అన్నట్టుగా 'దిస్క్యుతే' పక్కన 'ద' పెడతాడు, గది'లోకి' ప్రవేశిస్తాడు, ఒకరి'తో' పెళ్ళాడతాడు, తండ్రి'కి' పోలి ఉంటాడు. నాకు గీతలు పడ్డ ఇంగ్లీషుని అలాగే ఫ్రెంచిలోకి మారిస్తే సగం పాసయ్యేవాణ్ణి.

ఇంగ్లీషువాళ్ళు మాత్రం ఎప్పుడూ ఇంత పొదుపుగా ఉన్నారా? షేక్స్పియరు హామ్లెట్ తన తల్లి పినతండ్రిని పెళ్ళాడిందని కుమిలిపోయేచోట 'మేరీడ్' పక్కన 'విత్' ఉంది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో ఇంట్లోకి వెళ్ళినా, స్వర్గరాజ్యంలోకి వెళ్ళినా 'ఎంటర్ ఇంటూ' అనే తరచుగా ఉంటుంది. ఇక్కడ నాకో ఊహ. మా తాతగారు బందరు నోబుల్ కాలేజీలో చదువుకున్నారు. 1843లో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ స్కూలుగా పెట్టినది అది. అలాంటి చోట్ల బైబిలు పాఠం తప్పనిసరి. కోస్తాలో తరతరాల పిల్లలు చెవినిండా విన్న ఇంగ్లీషులో అదొకటి. మన 'ఎంటర్ ఇంటూ'లో కొంత వాటా ఆ తరగతి గదులదేమో! రుజువు అడిగితే చూపించలేను.

1907 నాటికే మన ఇంగ్లీషు తప్పుల మీద ఏకంగా ఒక పుస్తకం వచ్చింది. జి. సి. విట్వర్త్ అనే ఆయన రాశాడు. పేరు 'ఇండియన్ ఇంగ్లీష్'. హిందూదేశస్థులు రాసే ఇంగ్లీషులో నుడికారపు తప్పుల పరిశీలన అన్నది దాని ఉపశీర్షిక. అంటే నా రిపోర్టు మీద ఎర్రసిరా పడడానికి ఎనభయ్యేడేళ్ళ ముందే సిరా బుడ్డి తయారుగా ఉందన్నమాట. 1958లో హైదరాబాదులో ఇంగ్లీషు బోధన కోసమే సెంట్రల్ ఇన్స్టిట్యూట్ పెట్టారు. అయినా మా ఊరి హైస్కూలు దాకా వచ్చింది మాత్రం రెన్ అండ్ మార్టినే.

1930లలో వచ్చిన ఆ గ్రామరు పుస్తకంలో ఏ మాట తరవాత ఏ ప్రిపొజిషన్ రావాలో చెప్పే పెద్ద జాబితా ఉంది. నాన్నగారు దాన్ని మాచేత ఎక్కాల్లాగా వల్లె వేయించేవారు. ఏ క్రియకి ఏదీ అక్కర్లేదో వల్లె వేయించినట్టు గుర్తు లేదు. ఇక పరీక్షలో 'తగిన ప్రిపొజిషన్లతో ఖాళీలు పూరింపుము' అని అయిదు మార్కులు. నేను రాసిన ఏ పరీక్షలోనూ, జవాబుగా ఖాళీ వదిలేయాల్సిన ఖాళీ ఒక్కటి కూడా ఇవ్వలేదు. వదిలేస్తే సున్నా. ఏదో ఒకటి రాస్తే తగలొచ్చు. పదేళ్ళు అలా తయారైన పిల్లాడు క్రియ కనపడగానే పక్కన చోటు ఖాళీగా ఉందని కంగారు పడతాడు. మాతృభాషనీ మిషనరీనీ కూడా కాస్త పక్కన పెట్టి నన్నడిగితే, నా పదమూడు గీతల్లో ఎక్కువ భాగం ఆ అయిదు మార్కులవే.

అన్నట్టు గీతలు పెట్టిన దేశం సంగతి కూడా చెప్పాలి. లండనులో యుద్ధానికి వ్యతిరేకంగా 'ప్రొటెస్ట్ అగెనెస్ట్' అంటే ఇక్కడ 'ప్రొటెస్ట్ ది వార్' అని ఊరుకుంటారు. అక్కడ 'రైట్ టు మీ', ఇక్కడ 'రైట్ మీ'. ఇంత పొదుపరులూ 'మీట్' పక్కన మాత్రం 'విత్' తగిలిస్తారు, 'ఆఫ్' పక్కన 'ఆఫ్'కి తోడు 'అవ్' కూడా పెడతారు. అవి తప్పులు కావు, అమెరికన్ ఇంగ్లీషు. ఇల్లినాయ్ యూనివర్సిటీలో చాలాకాలం పనిచేసిన కాశ్మీరీ పండితుడు బ్రజ్ కచ్రూ, మన ఇంగ్లీషు కూడా ఒక ఇంగ్లీషేనని జీవితమంతా వాదించారు. నాకు ఆయన వాదన నచ్చుతుంది. అయినా ఆఫీసు కాగితాల్లో 'అబౌట్' తీసేశాను. జీతం ఇచ్చేది కచ్రూ గారు కాదు.

తీసేసి ఊరుకోవాల్సింది. ఆ ఏడాది చివర్లో నాన్నగారి ఉత్తరం వచ్చింది. ఎప్పట్లాగే ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో. పొలం సంగతి బాబాయితో 'డిస్కస్డ్ అబౌట్' అని రాశారు. నేను జవాబు రాస్తూ చివర్న ఓ ముక్క చేర్చాను: 'నాన్నగారూ, డిస్కస్ తరవాత అబౌట్ రాదండీ, ఇక్కడ తప్పంటారు' అని. తమాషాగానే రాశాననుకున్నాను.

తరవాతి ఉత్తరం తెలుగులో వచ్చింది. ఆ తరవాతవన్నీ కూడా తెలుగులోనే. నేను ఎందుకని అడగలేదు, ఆయనా చెప్పలేదు.

2009లో ఆయన పోయాక ఇల్లు సర్దుతుంటే రెన్ అండ్ మార్టిన్ దొరికింది. అట్ట ఊడిపోయింది. నాతో తెచ్చుకున్నాను. ప్రిపొజిషన్ల జాబితా ఉన్న పేజీ అంచున పెన్సిలుతో ఒక చిన్న వరస ఉంది: డిస్కస్, ఎంటర్, రీచ్, రిక్వెస్ట్, ఒక్కోదానికి ఎదురుగా 'నిల్' అని. నా ఉత్తరం అందాక రాసుకున్నారో, మేష్టరుగా చేరిన కొత్తల్లోనే రాసుకున్నారో, పక్కన తేదీ లేదు.