పుట్టకు పాలు పోసే పండుగ

కార్తీక శుద్ధ చవితి నాడు కోస్తా ఆంధ్రలో ఆడవాళ్లు పొద్దున్నే తలంటు పోసుకుని, ఉపవాసంతో చిమ్మిలి, చలిమిడి, ఆవుపాలు పట్టుకుని పుట్టకు బయల్దేరతారు. తెలంగాణలో ఈ పూజ శ్రావణ శుద్ధ పంచమికి, నాగపంచమి పేరుతో జరుగుతుంది.

నాగపూజ ఎంత పాతదో చూడాలంటే కృష్ణా తీరానికి వెళ్లాలి. సుమారు 2 వేల ఏళ్ల నాటి అమరావతి బౌద్ధ స్తూపం పలకల మీద పడగలు విప్పిన నాగులు కనిపిస్తాయి. కొన్నిచోట్ల స్తూపాన్నే చుట్టుకుని కాపలా కాస్తుంటాయి. బౌద్ధం రాకముందే ఇక్కడి జనం నాగుల్ని కొలుస్తున్నారనీ, అందుకే శిల్పి వాటిని వదల్లేకపోయాడనీ నా నమ్మకం. ఆ పలకల్లో చాలావాటిని 1859లో మద్రాసు నుంచి లండన్‌కు తరలించారు. అక్కడ ఓ బండ్లశాలలో మూలపడి ఉన్నవాటిని వాస్తుకళా చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వెలికితీశాడు. సాంచి, అమరావతి శిల్పాల ఆధారంగా 1868లో ‘ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్’ అనే పెద్ద గ్రంథం తెచ్చాడు. జాతుల గురించి ఆయన కట్టిన సిద్ధాంతాలు ఇవాళ నిలబడవు. చెట్టునూ పామునూ కలిపి చూడటం మాత్రం సరైనదే. మన ఊళ్లలో జంటనాగుల రాళ్లు ఉండేది రావి, వేప చెట్ల కిందనే కదా!

వేదంలోనూ సర్పాలకు నమస్కరించే మంత్రాలున్నాయి. భారతంలో జనమేజయుడి సర్పయాగాన్ని ఆపిన ఆస్తీకుడు నాగకన్య కడుపున పుట్టినవాడు. 11వ శతాబ్దంలో నన్నయ ఆదిపర్వాన్ని తెనిగిస్తూ ఉదంకుడనే ముని నోట నాగస్తుతి చేయించాడు. తరువాత తెలుగునాట సుబ్రహ్మణ్యస్వామి నాగరూపంలోనే పూజలందుకున్నాడు. మోపిదేవిలో స్వామి పుట్టలో వెలిశాడని స్థలపురాణం. సంతానం కోసం అక్కడికి మొక్కుకుని వెళ్తారు. మొక్కు ఫలిస్తే పిల్లలకు నాగయ్య, నాగమణి, సుబ్బారావు, సుబ్బలక్ష్మి అని పేర్లు పెట్టుకునేవాళ్లు.

ఇన్ని మతాలు, ఇన్ని కథలు వచ్చినా పూజ పుట్టను వదల్లేదు. దానికి కారణం పొలంలోనే ఉందనిపిస్తుంది. పుట్టను కట్టేది చెదపురుగులు. లోపలి చల్లదనం, తేమ పాముకు హాయి. కార్తీకం వరి గింజ ముదిరే కాలం, ఎలుకలు చేను మీద పడే కాలం. ఆ ఎలుకల్ని తినే నాగుపాము రైతుకు ప్రాణభయమూ, పంటకు కాపలా కూడా. భయం, కృతజ్ఞత కలిసినచోట దండం పెట్టడం సహజం.

అయితే పాలు పాము ఆహారం కాదు. కలుగులోకి చెంబులకొద్దీ పోస్తే లోపలున్న జీవికి బాధే. ఆ అభిషేకమేదో చెట్టుకింది నాగరాతికి చేస్తే ఏ ప్రాణికీ కష్టం ఉండదు. చవితి నాడు పెద్దలు పాటించిన నియమం ఇంకొకటుంది: ఆ రోజు నాగలి కట్టరు, నేలలో గునపం దించరు. ఈ పండుగలో పాముకు నిజంగా మేలు చేసే భాగం, నా లెక్కలో, అదే.