ఇంటిదొంగను పట్టించిన రాగి

1950ల నడిమి రోజులు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, షెనెక్టడీ పట్టణం. జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాశాలలో విలియం డాష్ ముందు ఒక సిలికాన్ ముక్క ఉంది. అద్దంలా మెరుస్తోంది. ఎటు తిప్పి చూసినా గీత లేదు, బీట లేదు. దెబ్బంతా లోపలే ఉంది.

ఇలాంటి దెబ్బ కొట్టేది వేడి. సిలికాన్ చల్లగా ఉన్నప్పుడు గాజులా పెళుసు. కొలిమిలో ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీలకు చేరితే లొంగుతుంది. అంచు ఒక వేడి మీద, నడుమ ఇంకో వేడి మీద ఉంటే ఒకటి సాగబోతుంది, రెండోది సాగనివ్వదు. ఆ పెనుగులాటలో పరమాణువుల వరుసలు జారతాయి. మగ్గం మీద పడుగులో ఒక పోగు సగంలో ఆగిపోయిందనుకోండి. పక్క పోగులు ఒరిగి ఆ సందును కప్పేస్తాయి. నేత సాగుతుంది గానీ ఆ చోట బిగువు చెడుతుంది. స్ఫటికంలో అలా వరుస ఆగిపోయిన చోటును డిస్‌లొకేషన్ అంటారు.

అది ఒక్కటిగా ఉండిపోదు. గీతలాంటి ఆ లోపం రెండు కొసలా ఇరుక్కుపోతే, ఒత్తిడికి నడిమి భాగం విల్లులా వంగుతుంది, ఉబ్బుతుంది, చుట్టు తిరిగివచ్చి వలయమై విడిపోతుంది. పాత గీత అక్కడే మిగిలి మళ్లీ వంగుతుంది. ఒకటి పదవుతుంది, పది వందవుతుంది. చార్లెస్ ఫ్రాంక్, థార్న్‌టన్ రీడ్ 1950లోనే ఈ సంగతి కాగితం మీద తేల్చారు. సిలికాన్‌లో దాన్ని చూడటమెలా? మామూలు వెలుతురు ఆ ముక్కలోకి దూరదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా!

డాష్ రాగిని రంగంలోకి దింపాడు. సిలికాన్, జెర్మేనియం లాంటి అర్ధవాహకాలతో పనిచేసేవాళ్లలో రాగికి చెడ్డపేరుంది. జెర్మేనియంను వేడిచేస్తే దాని విద్యుత్ స్వభావమే తిరగబడుతోంటే, దోషి రవ్వంత రాగేనని బెల్ ల్యాబ్స్‌లో కాల్విన్ ఫుల్లర్, స్ట్రదర్స్ 1952లో బయటపెట్టారు. వేడి తగిలితే చాలు, రాగి స్ఫటికంలోకి చరచరా చొరబడుతుంది. డాష్‌కు కావలసింది సరిగ్గా ఆ గుణమే.

సిలికాన్‌కు రాగి పట్టించి సుమారు 900 డిగ్రీల వేడిలో ఉంచాడు. రాగి లోపలంతా పాకింది. చల్లారుతుంటే దానికి అక్కడ నిలిచే చోటు లేదు. వరుస చెడిన చోట్ల మాత్రం కాస్త సందుంది. వెళ్లి అక్కడే పేరుకుంది. దెబ్బ కొట్టే వేడే ఇప్పుడు సాక్షిని లోపలికి పంపింది.

పరారుణ కాంతికి సిలికాన్ గాజు పలకలాంటిది. ఆ కాంతిని ముక్క గుండా పంపి, కంటికి కనిపించే బొమ్మగా మార్చే పరికరం అమర్చి, డాష్ సూక్ష్మదర్శినిలో చూశాడు. నల్లని చుక్కలు బారులు తీరి గీతలయ్యాయి. ఒకచోట ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు! గుండ్రంగా కాదు, స్ఫటికపు దిశల వెంట కోణాలుగా మలుపు తిరిగి ఉన్నాయి. ఫ్రాంక్, రీడ్ ఆరేళ్ల కిందట లెక్కలో చూసినవే. 1956లో ఆ చిత్రాలు అచ్చయ్యాయి.

డాష్ అంతటితో ఆగలేదు. పుట్టుకలోనే లోపం లేకుండా చేయలేమా? 1,414 డిగ్రీల దగ్గర కరిగిన సిలికాన్‌ను, పెద్ద స్ఫటికాన్ని పెంచడానికి వాడే చిన్న విత్తన స్ఫటికం తాకగానే వేడి దెబ్బకు డిస్‌లొకేషన్లు పుడతాయి. అందుకని తాకించిన వెంటనే స్ఫటికాన్ని సన్నగా, వేగంగా పైకి లాగాడు. సన్నని మెడలో ఏటవాలుగా సాగిన లోపాలు పక్కకు చేరి బయటపడిపోయాయి. ఆ తర్వాతే లావెక్కించాడు. ఆ స్ఫటికాల్లో డిస్‌లొకేషన్ అన్నదే లేదు. 1958, 59లలో ఆ పద్ధతిని లోకానికి వివరించాడు.

నేడు చిప్పుల కోసం పెంచే సిలికాన్ దిమ్మెలు వంద కిలోలు దాటి తూగుతాయి. కొలిమిలో అంత బరువూ కొన్ని మిల్లీమీటర్ల మెడకు వేలాడుతుంది. ఆ పని చేసేవాళ్లు దాన్ని ఇప్పటికీ ‘డాష్ మెడ’ అనే పిలుస్తారు.