మెలితే ద్వీపమున మూడు దినములు

అపొస్తలుల కార్యముల 28వ అధ్యాయమును సంఘములో అనేక పర్యాయములు బోధించితిమి గాని, అందు కనబడు మెలితే ద్వీపమును, అనగా నేటి మాల్టాను, కన్నులార చూచు భాగ్యము మాకు ఆలస్యముగా కలిగినది. సిసిలీకి దక్షిణమున, మధ్యధరా సముద్రములో ఉన్న ఈ ద్వీపము పొడవు సుమారు 27 కిలోమీటర్లు మాత్రమే.

మొదటి దినము సెయింట్ పాల్స్ బే అను అఖాతమునకు వెళ్లితిమి. పౌలు ఎక్కిన ఓడ బ్రద్దలైనది ఇక్కడనేనని స్థానికుల నమ్మకము. పండితులలో భేదాభిప్రాయములు కలవు. నేడు ఒడ్డు పొడవునా హోటళ్లు, ఈతకు వచ్చిన విహారయాత్రికులు. 276 మంది, అందులో ఖైదీలు కూడ, తడిసి వణకుచు ఒడ్డెక్కగా వానలో నిప్పు రాజేసి చేరదీసిన చోటు ఇదేనని తలంచుకొనుటకు కొంత ప్రయాసపడితిమి. లూకా ఆ ద్వీపవాసులను గ్రీకులో 'బార్బరోయి' అనెను. గ్రీకు మాటలాడని వారని దాని భావము. నేటి మాల్టా భాషయు అరబీకి దగ్గరిది. ఆ క్రైస్తవులు ప్రార్థనలో దేవుని 'అల్లా' అని పిలుచుట విని మాతో వచ్చిన సంఘపెద్ద ఒకరు ఉలిక్కిపడిరి!

మరునాడు పాత రాజధానియైన మ్దీనా చూచితిమి. పొప్లి ఇల్లుండెనని చెప్పు చోట కెథీడ్రల్ ఉన్నది. 1693 భూకంపములో పాతది దెబ్బతినగా, క్రొత్తదానిని 1702లో ప్రతిష్ఠించిరి. అయితే మమ్మును నిలిపివేసినది ప్రక్కనున్న రబాత్ పట్టణపు భూగర్భ సమాధులు. రాతిని తొలిచి గుండ్రని బల్లలు చేసిరి; చనిపోయినవారి బంధువులు వాటిచుట్టు కూర్చుండి భుజించెడివారు. కొన్ని గోడలపై యూదుల ఏడు కొమ్మల దీపస్తంభపు గుర్తున్నది. క్రైస్తవులు, యూదులు, అన్యులు చేరువ చేరువనే పాతిపెట్టబడిరి. మన సమాధుల తోటలలోని అడ్డుగోడలు మాకు జ్ఞాపకము వచ్చినవి.

మూడవ దినము వలెట్టా. 1565 తురుష్కుల ముట్టడి పిమ్మట, 1566లో సెయింట్ జాన్ వీరులు పునాది వేసిన కోటపట్టణమిది. ఆ వీరుల ఆసుపత్రిలో రోగులకు వెండి పళ్లెములలో భోజనము. వారి ఓడల తెడ్లయొద్ద సంకెళ్లతో బానిసలు. 1798లో నెపోలియన్ ఈ ద్వీపములో బానిసత్వమును రద్దుచేసెను.

2002 నుండి ఆఫ్రికా తీరము విడిచి చిన్న పడవలలో వచ్చినవారు వేలాదిగా ఈ ద్వీపము చేరిరి. వారిని దించుకొనవలెనా అను విషయమై ఎన్నో తగవులు జరిగినవి. విమానాశ్రయమునకు పోవుచు టాక్సీ నడుపు పెద్దాయనతో, "మీ పూర్వులు పౌలును చేర్చుకొనిరి గదా!" అంటిమి.

"నిజమేనండి. ఆయన మూడు నెలలకు వెళ్లిపోయెను గదా!" అనెను.

తక్కిన దారి పొడవునా మేము ఏమియు మాటలాడలేదు.