క్యూబు లెక్క ఫోన్లకెక్కాలె

2023 అక్టోబర్ 21 నాడు మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకుల పిల్లర్లు కుంగినయి. బ్యారేజీ మొదలై అప్పటికి నాలుగేండ్లు దాటింది, అంతే. జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ కమిటీ వచ్చి చూసింది. ప్లానింగు, డిజైను, నాణ్యత తనిఖీ, నిర్వహణ, అన్నిట్ల లోపాలున్నయని రాసింది. అడిగిన కాగితాలన్నీ ఇయ్యలేదని కూడ రాసింది. పార్టీలోళ్లు మొదటి ముచ్చట పట్టుకొని కొట్లాడుకున్నరు. నాకైతే రెండోదే గుచ్చుకున్నది. అక్కడ పునాది కింద ఇసుక కొట్టుకపోయింది, మన ఇండ్ల సంగతి వేరే. కాని కట్టిననాడు ఎవరు ఏం చూసిన్రో చెప్పే కాగితం గతి మాత్రం బ్యారేజీకైనా అపార్ట్‌మెంటుకైనా ఒక్కటే.

కాంక్రీటు బలం ఎట్ల చూస్తరు? పోసేటప్పుడే కొంత తీసి 15 సెంటీమీటర్ల ఇనుప అచ్చులల్ల నింపుతరు. దాన్నే క్యూబు అంటరు. తెల్లారి అచ్చు ఇప్పి నీళ్లల్ల ఏస్తరు. 7 దినాలకు కొన్ని, 28 దినాలకు కొన్ని తీసి మిషన్ల పెట్టి పగులగొడ్తరు. ఎం20 కాంక్రీటు అంటే 28 దినాలకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడి ఆగాలె. ఐఎస్ 456 ప్రకారం 5 ఘనపు మీటర్ల దాక ఒక శాంపిలు, 15 దాక రెండు, 30 దాక మూడు తియ్యాలె.

పద్ధతి మంచిదే. లొసుగు ఎక్కడంటే, ల్యాబులకొచ్చిన క్యూబు ఆ స్లాబుదేనని ఎవరికెరుక? సిమెంటు ఇంకింత ఎక్కువేసి పక్కకు వేరే క్యూబులు చేసి పెట్టుడు, నెలాఖర్ల ఒక్క పెన్నుతోని రిజిస్టరంత నింపుడు సైట్లల్ల తిరిగెటోళ్లకు కొత్త కాదు.

డిజిటల్ అనేది పనికొచ్చేది ఈడనే. అచ్చు నింపంగనే తడి కాంక్రీటుల క్యూఆర్ కోడ్ చీటీ పెట్టి ఫోన్ల స్కాన్ చేస్తే జాగ, టైము, రెడీమిక్స్ బండి నంబరు ఎక్కుతయి. బ్యాచింగ్ ప్లాంటు కంప్యూటర్ల సిమెంటు, నీళ్ల తూకం ఉండనే ఉంటది. దాన్ని ఈ చీటీకి కలపాలె. ఆలస్యంగ గట్టివడే మందు కలపకపోతే లోడు చేసిన రెండు గంటల్ల బండి ఖాళీ కావాలె. అది జీపీఎస్ చెప్తది. క్యూబు పగిలిన అంకె మిషన్ నుంచి నేరుగ రావాలె, నడుమ చేతిరాత ఉండొద్దు. ఎవరన్న అంకె మారిస్తే పాతదీ కొత్తదీ రెండూ కనవడాలె.

ఇది కంపెనీకి ఖర్చని మొత్తుకునెటోళ్లు ఉన్నరు. ఏడో దినం అంకె తక్కువొచ్చిందని ఆ పొద్దే తెలిస్తే పైఅంతస్తు ఆపుకుంటరు. కాగితం నెల తర్వాత చేరేసరికి పైన ఇంకో స్లాబు పడి ఉంటది. అప్పుడు కోర్లు తీసుడు, పగులగొట్టుడు, మల్ల పోసుడు, అయ్యి ఎవరి పైసలు? లెక్క సాఫ్‌గ ఉన్న కంపెనీకి బిల్లు దగ్గర కొర్రీలు కూడ తక్కువ.

ఇందిరమ్మ ఇండ్లకు యాపుల ఫొటో పెడ్తేనే పైసలు పడ్తయి. బేస్‌మెంటు, గోడలు, స్లాబు, ఇట్ల దశల వారీగ. ఇల్లు లేకుంటనే బిల్లు ఎత్తుకునుడు దీనితోని ఆగుతది, కాదనను. కాని ఫొటోల స్లాబు కనవడ్తది గాని దానికి ఎన్ని దినాలు నీళ్లు కొట్టిన్రో కనవడదు. మామూలు సిమెంటుకు కనీసం 7 దినాలు, బూడిద కలిసిన పీపీసీకి 10 దినాలు తడి ఆరొద్దు. ఊర్లల్ల ఎక్కువ దొరికేది పీపీసీ బస్తానే. రోజుకో ఫొటో అడిగితే ఏం పోతది?

ఇంకో మాట. చాలా సైట్లల్ల కూలోళ్ల మొఖం స్కాన్ చేసి హాజరు తీస్తున్నరు, పది నిమిషాలు లేటైతే మిషనే పట్టిస్తది. ఆ శ్రద్ధ నీళ్ల తూకం మీద లేదు. మాలు పలుచనైందని అందరికన్న ముందు తెలిసేది తట్ట మోసెటోళ్లకు, వైబ్రేటర్ పట్టెటోనికి. నేను చూసిన యాపులల్ల వాళ్లు ఆ మాట చెప్పెతందుకు ఒక్క గడి కూడ లేదు.