గని లేని ఊరికి వజ్రాలెలా వచ్చాయి?

వజ్రాల చరిత్ర మాటొస్తే తెలుగువాళ్ళం గోల్కొండలో మొదలుపెట్టి కోహినూర్ దగ్గర ఆగిపోతాం. నడుమ ఆ రాళ్ళు ఎవరి చేతుల్లో సానదేరాయో, ఏ ఊళ్ళో వాటికి ధర పలికిందో మనకు పెద్దగా పట్టదు. నేను స్థిరపడిన బెల్జియంలో ఆంట్‌వెర్ప్ అనే రేవు పట్టణానికి వజ్రాలతో ఐదు వందల ఏళ్ళు దాటిన అనుబంధం ఉంది. ఈ దేశంలో వజ్రపు గని ఒక్కటీ లేదు. స్కెల్డ్ నది ఒడ్డున ఉన్న పాత ఊరి నుంచి సెంట్రల్ రైల్వే స్టేషన్ దాకా రెండు కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. ఆ దారిన నడుచుకుంటూ పోతే గని లేని ఊళ్ళో వజ్రం ఎలా స్థిరపడిందో వరసగా అర్థమవుతుంది. నాకు అర్థమైనది ఇది: వజ్రాల వ్యాపారాన్ని ఇక్కడికి తెచ్చింది బయటి నుంచి వచ్చినవాళ్ళు, అందులోనూ ఎక్కువమంది సొంత ఊళ్ళో నిలువ నీడ కరువైనవాళ్ళు. ఊరు చేసిందల్లా వాళ్ళ బేరసారాలకు ఒక కట్టుబాటు ఏర్పరచడం. ఆ మనుషులూ ఈ కట్టుబాటూ కలిసి ఉన్న రోజుల్లో వ్యాపారం వర్ధిల్లింది. మనుషులు వెళ్ళిపోయినప్పుడల్లా వాళ్ళ వెంటే పోయింది.

నడక మొదలుపెట్టాల్సింది నగరసభ భవనానికి దగ్గర్లోనే, 2018లో తెరిచిన డీవా అనే వజ్రాభరణాల మ్యూజియం నుంచి. ఆంట్‌వెర్ప్ వజ్రాల కథకు తొలి ఆధారంగా ఈ ఊరివాళ్ళు చూపించేది నగను కాదు, నగరాధికారులు 1447లో జారీ చేసిన ఒక ఉత్తర్వును. నకిలీ వజ్రాలు, కెంపులు, పచ్చలు, నీలాలు అమ్మకూడదని, తాకట్టు పెట్టకూడదని దాని సారాంశం. నకిలీని నిషేధించారంటే అప్పటికే అసలు సరుకు చేతులు మారుతోందన్నమాట. అంతకంటే ముఖ్యం, ముక్కూమొహం తెలియని వర్తకుడి దగ్గర కొన్నా మోసపోననే ధీమాను కొనేవాడికి ఊరే ఇస్తోంది. అదే శతాబ్దం చివర వాస్కో డ గామా మన పడమటి తీరానికి చేరాడు. పోర్చుగీసు వర్తకులు గోవా నుంచి లిస్బన్‌కు, లిస్బన్ నుంచి ఆంట్‌వెర్ప్‌కు మిరియాలతోపాటు రాళ్ళు కూడా పంపసాగారు. ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుంచే వెళ్ళిన రోజులవి. కృష్ణా తీరపు గనుల్లో తవ్విన రాళ్ళకు ఇక్కడి వర్తకులు వెల కట్టారు. 1531లో కట్టిన బూర్సు, అంటే వర్తకుల సభాభవనం, మంటల్లో కాలిపోయాక మళ్ళీ కట్టినా అదే చోట ఉంది. ఏ దేశపు వర్తకుడైనా వచ్చి బేరమాడుకోవడానికే దాన్ని కట్టారు. 1582లో వజ్రాలు, కెంపులు సానబట్టేవాళ్ళకు ఒక వృత్తిసంఘం కూడా ఏర్పడింది.

ఆ సంఘం పుట్టిన మూడేళ్ళకే ఊరు కూలింది. 1585లో స్పెయిన్ సేనలు ఆంట్‌వెర్ప్‌ను వశపరుచుకున్నాయి. ప్రొటెస్టెంట్లు మతం మారాలి, లేదంటే ఊరు విడిచిపోవాలి. సముద్రంలోకి పోయే దారిని ఉత్తరాన డచ్చివాళ్ళు మూసేశారు. లక్షకు దగ్గరగా ఉన్న జనాభా కొన్నేళ్ళలోనే సగానికి పడిపోయింది. వర్తకులూ పనివాళ్ళూ ఆంస్టర్‌డామ్ దారి పట్టారు. తర్వాతి మూడు శతాబ్దాలు వజ్రాల నగరమంటే ఆంస్టర్‌డామే. ఆంట్‌వెర్ప్‌లో పనితనం పూర్తిగా చావలేదు కానీ పెద్ద రాళ్ళు రావడం తగ్గిపోయింది. మిగిలిన కొద్దిమందిలోనూ బయటివాళ్ళే ముందు కనిపిస్తారు. ఇప్పుడు బట్టల దుకాణాలతో కిక్కిరిసిపోయే మెయిర్ వీధిలో 17వ శతాబ్దంలో గస్పార్ దువార్తె అనే వజ్రాల వర్తకుడి భవంతి ఉండేది. పోర్చుగల్‌లో బలవంతపు మతమార్పిడికి గురైన యూదుల వంశం అతనిది. ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్‌కు నగలు సమకూర్చాడు. డచ్చి రాజవంశపు పెళ్ళికి అమ్మిన నగ బేరాన్ని కవీ దౌత్యవేత్తా అయిన హౌఖెన్స్ దగ్గరుండి నడిపించాడు. ఆ భవంతిలో సంగీత సభలు జరిగేవి, గోడల మీద ఘనమైన చిత్రాలుండేవి. అంత వైభవంలోనూ ఆ కుటుంబం పైకి కేథలిక్కులుగానే బతకాలి. చోటు ఇచ్చిన ఊరు మతాన్ని మాత్రం ఒప్పుకోలేదు. అందుకే ఆంట్‌వెర్ప్ వాళ్ళు విశాల హృదయులని నేను అనడం లేదు. ఎంత చోటు ఇస్తే అంత వ్యాపారం దక్కిందని మాత్రమే అంటున్నాను.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. అదే మెయిర్ వీధి చివర ఒక విగ్రహం చేతిలో వజ్రంతో నిలబడి ఉంటుంది. అతని పేరు లోడెవేక్ ఫాన్ బెర్కెన్. 15వ శతాబ్దంలో వజ్రాన్ని వజ్రపు పొడితోనే సానబట్టే తిరుగుడు చక్రాన్ని కనిపెట్టింది ఇతనేనని ఇక్కడి నమ్మకం. అలాంటప్పుడు ఈ సంపద స్థానిక ప్రతిభ ఫలమే కదా అని ఎవరైనా అడగవచ్చు. కానీ ఆ కథ మొదటిసారి వినిపించేది దాదాపు రెండు శతాబ్దాల తర్వాత, తన వంశం గొప్ప చెప్పుకోవాలనుకున్న ఒక పారిస్ నగల వర్తకుడి పుస్తకంలో. ఆ కథ ప్రకారం చూసినా అతను బ్రూజ్ నగరపు మనిషి, ఈ ఊరివాడు కాదు. పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. నూనెలో కలిపిన వజ్రపు పొడి పూసిన ఇనుప చక్రం మీద రాయిని ఆనించి, ఒక్కో పలకను ఏ కోణంలో ఎంతసేపు అరగదీయాలో చేతికి తెలియడానికి ఏళ్ళు పడుతుంది. 1919లో ఆ కోణాలను లెక్కగట్టి, వజ్రం ఎక్కువ వెలుగు చిమ్మాలంటే ఎలా కోయాలో పుస్తకంగా రాసిన మార్సెల్ టోల్కోవ్‌స్కీ పుట్టింది ఆంట్‌వెర్ప్‌లోనే. అయితే అతనిదీ తూర్పు ఐరోపా నుంచి తరలివచ్చిన యూదు కుటుంబమే.

అలాంటి కుటుంబాలు ఇక్కడికెందుకు వచ్చాయో తెలియాలంటే రైల్వే స్టేషన్ దాకా నడవాలి. 1860ల చివర దక్షిణాఫ్రికాలో వజ్రాలు బయటపడి, ముడిరాళ్ళు గుట్టలుగా రాసాగాయి. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే రష్యా సామ్రాజ్యంలో దాడులకు, ఆస్ట్రియా ఏలుబడిలోని గలీసియాలో దరిద్రానికి తాళలేక యూదులు పడమరకు బయల్దేరారు. అమెరికాకు మనుషులను చేరవేసే రెడ్ స్టార్ ఓడలు 1873 నుంచి ఆంట్‌వెర్ప్ రేవు నుంచే కదిలేవి. ఓడ ఎక్కుదామని వచ్చినవాళ్ళలో కొందరు ఇక్కడే పని దొరికి ఆగిపోయారు. మొదట్లో బేరాలు స్టేషన్ పక్కనున్న పెలికాన్‌స్ట్రాట్ కాఫీ హోటళ్ళలో సాగేవి. 1893లో వర్తకులు డైమండ్ క్లబ్ పెట్టుకున్నారు, 1904లో మరో బూర్సు వచ్చింది, తర్వాత ఇంకో రెండు. స్టేషన్‌కు ఆనుకుని ఉన్న హొవేనియర్స్‌స్ట్రాట్ చుట్టుపక్కల సందుల్లో ఇవన్నీ ఇప్పటికీ ఉన్నాయి. చూడ్డానికి అదేమంత అందమైన వీధి కాదు. ఇరుకు ఆఫీసులు, కెమెరాలు, వాహనాలు రాకుండా నేలలో దిగేసిన ఇనుప స్తంభాలు. 1981లో అక్కడి యూదుల ప్రార్థనాలయం ముందు బాంబు పేలి ముగ్గురు చనిపోయిన సంగతి తెలిస్తే ఆ స్తంభాలు ఎందుకో అర్థమవుతుంది.

ఆ బూర్సుల్లో బేరం జరిగే తీరే నా వాదనకు ఆయువుపట్టు. పగటి వెలుగు బాగా పడేలా పెద్ద కిటికీలు, వాటి ముందు పొడవాటి బల్లలు, త్రాసులు. అమ్మేవాడు మడత కాగితపు పొట్లం విప్పుతాడు, కొనేవాడు భూతద్దం కంటికి ఆనించి ఒక్కో రాయిని పరీక్షిస్తాడు. ధర చెప్పాక పొట్లాన్ని మూసి ముద్ర వేస్తారు. ఆ ధరకు అవుననో కాదనో తేలేదాకా అమ్మేవాడు ఆ పొట్లాన్ని మరొకరికి చూపించకూడదు. కుదిరితే చేతులు కలిపి, యిడ్డిష్‌లో శుభం పలుకుతారు. మాట ఇచ్చినట్టే లెక్క. తగాదా వస్తే కోర్టుకు పోరు, బూర్సు పెద్దలే తీర్పు చెబుతారు. మాట తప్పినవాణ్ణి సభ్యత్వం నుంచి తీసేస్తారు, ఆ కబురు మిగతా దేశాల బూర్సులకు కూడా చేరుతుంది. ఈ బూర్సుల ప్రపంచ సమాఖ్య 1947లో ఏర్పడింది, దాని కేంద్రం కూడా ఈ ఊరే. ఇదంతా బంధువర్గాల మధ్య నడిచే మూసిన వ్యవహారమనీ, దీన్ని తలుపులు తెరవడం అనలేమనీ ఒక విమర్శ ఉంది. అందులో నిజం లేకపోలేదు. కానీ బంధువర్గం ఒక్కటే చాలేటట్టయితే బూర్సుతో పని లేదు. యూదు వర్తకుడు, జైన వర్తకుడు, ఆర్మేనియన్ వర్తకుడు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలంటే కులానికీ మతానికీ అతీతమైన నియమం ఒకటి ఉండాలి. 1447 నాటి ఉత్తర్వు చేసిన పనినే బూర్సు నియమావళి కొనసాగించింది.

మనుషులు పోతే వ్యాపారమూ పోతుందనడానికి గట్టి రుజువు రెండో ప్రపంచ యుద్ధం. 1940 మేలో జర్మన్ సేనలు వస్తున్నాయని తెలిసి వర్తకులు లండన్‌కు, న్యూయార్క్‌కు, క్యూబాకు, పాలస్తీనాకు పారిపోయారు. ఎక్కడికి వెళ్ళినవాళ్ళు అక్కడే సాన చక్రాలు తిప్పారు. ఆంట్‌వెర్ప్‌లో వజ్రాల వీధి చచ్చుబడింది. వెళ్ళలేకపోయినవాళ్ళ గతి మరీ ఘోరం. 1942 ఆగస్టులో ఒక రాత్రి యూదులను ఇళ్ళలోంచి ఈడ్చుకెళ్ళింది ఈ నగర పోలీసులే. మెఖెలెన్ పట్టణపు శిబిరం గుండా 25 వేలకు పైగా మనుషులను తూర్పున ఉన్న మృత్యు శిబిరాలకు పంపారు. బ్రస్సెల్స్‌తో పోలిస్తే ఆంట్‌వెర్ప్ యూదుల్లో బతికి బయటపడినవాళ్ళ నిష్పత్తి బాగా తక్కువ. మరి యుద్ధం తర్వాత వ్యాపారం తిరిగి ఎలా వచ్చింది? బ్రిటన్‌కు తరలించిన రాళ్ళను రోమి గోల్డ్‌మున్స్ వంటి వర్తకుల చొరవతో ఎవరివి వారి పేర రాసి భద్రపరిచారు, యుద్ధం ముగిశాక యజమానులకు అప్పగించారు. 1945లో ఎగుమతి దిగుమతుల్లో ప్రతి పొట్లాన్నీ తనిఖీ చేసే డైమండ్ ఆఫీస్ ఏర్పడింది. ఇక్కడ కూడా లెక్క తప్పని కట్టుబాటే మనుషులను వెనక్కి రప్పించింది.

అసలు కారణం చౌక కూలీ అనే వాదన కూడా వినిపిస్తుంది. ఆంస్టర్‌డామ్‌లో కార్మిక సంఘం బలపడి కూలి పెరిగితే, ఆంట్‌వెర్ప్ వర్తకులు తూర్పున ఉన్న కెంపెన్ పల్లెలకు పని పంపించారు. నెయ్లెన్, ఖ్రొబెన్‌డోంక్ లాంటి ఊళ్ళలో ఇంటి పెరట్లోనే సాన చక్రాలు వెలిశాయి. 1960ల నుంచి ఇక్కడికి రావడం మొదలుపెట్టిన గుజరాత్ పాలన్‌పూర్ జైనులు, ఎవరూ ఆశపడని చిన్న రాళ్ళను కొని సూరత్‌కు పంపారు. చూస్తుండగానే కెంపెన్ చక్రాలు ఆగిపోయాయి. ఒకప్పుడు వేలల్లో ఉన్న సానపనివాళ్ళు ఇప్పుడు వందల్లోకి దిగారు. ఈ వాదన చక్రం ఎందుకు కదిలిపోయిందో చెబుతుంది కానీ బేరం ఎందుకు కదలలేదో చెప్పలేదు. కూలి చౌకగా ఉన్నచోట రాయి సానదేరి, అమ్ముడుపోవడానికి మళ్ళీ ఖరీదైన ఈ ఊరికే రావడం దశాబ్దాలపాటు జరిగింది. ఆ జైనులే కాలక్రమంలో యూదు వర్తకులను మించి, ఇక్కడి వ్యాపారంలో పెద్ద భాగాన్ని చేతిలోకి తెచ్చుకున్నారు. నగర శివారు విల్రెయిక్‌లో 2010లో వాళ్ళు కట్టుకున్న పాలరాతి ఆలయం ఇంకో వలస స్థిరపడిందనడానికి గుర్తు.

వీటన్నిటికంటే బరువైన అభ్యంతరం కాంగో. రెండో లియోపోల్డ్ రాజు సొంత ఆస్తిగా పీల్చి పిప్పిచేసి, 1908లో బెల్జియంకు అప్పజెప్పిన ఆ దేశంలో కసాయి నదీ ప్రాంతం నుంచి వజ్రాలు ఇక్కడికి వచ్చాయి. కాబట్టి ఈ సంపద వలసపాలన సొమ్మే అంటే పూర్తిగా కాదనలేం. అయితే కాలక్రమం చూడండి: కాంగో వజ్రాలు బయటపడేనాటికే ఇక్కడ రెండు బూర్సులు నడుస్తున్నాయి. కాంగో ఈ వ్యాపారాన్ని పుట్టించలేదు, పెంచింది. అసలు తప్పు వేరేచోట ఉంది. ఈ ఊరి కట్టుబాట్లన్నీ కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్యనే. తవ్వినవాడి సంగతి వాటిలో లేదు. రాయి అసలుదా నకిలీదా అని 1447 నుంచి అడుగుతున్నవాళ్ళు, అది ఎవరి నెత్తురు ఖరీదు అని అడగడానికి 2000 దాకా ఆగారు. అంగోలా తిరుగుబాటుదారుల వజ్రాలపై ఆ ఏడాది ఐక్యరాజ్యసమితి నివేదిక ఆంట్‌వెర్ప్ అలసత్వాన్ని పేరుపెట్టి ఎత్తిచూపింది. తిరుగుబాటుదారుల వజ్రాలు బజారుకు రాకుండా ఆపడానికి 2003లో కింబర్లీ ధ్రువీకరణ వచ్చింది. 2024 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ రష్యా వజ్రాలను నిషేధించింది, అంతకుముందు ఆ నిషేధానికి అడ్డుపడినవాళ్ళలో బెల్జియం ముందుంది.

చివరిగా మనవైపు నుంచి రాగల ప్రశ్న. గోల్కొండకు కూడా గుజరాతీలు, ఇరానీలు, ఆర్మేనియన్లు, ఐరోపావాళ్ళు వచ్చారు కదా, అక్కడెందుకు నిలవలేదు? గనులు వట్టిపోవడం, 18వ శతాబ్దంలో బ్రెజిల్ వజ్రాలు రావడం కారణాలే. కానీ గనులు వట్టిపోతే వ్యాపారం పోవాలని లేదు, గనే లేని ఆంట్‌వెర్ప్ అందుకు సాక్షి. 17వ శతాబ్దపు తొలినాళ్ళలో కొల్లూరు గనిని చూసిన ఆంగ్లేయ వర్తకుడు మెత్‌వోల్డ్ ఒక సంగతి రాశాడు: గని కౌలుకు ఇస్తారు, పది క్యారెట్లు దాటిన రాయి మాత్రం సుల్తానుకే చెందుతుంది. మేలైన సరుకంతా కోటలోకి పోయేచోట వర్తకుడి బతుకు ప్రభువు దయ మీద నడుస్తుంది. 1687లో ఆ ప్రభువు రాజ్యమే పోయింది. రాజు మారినా నిలబడే వర్తక సభ ఒకటి అక్కడ వేళ్ళూనలేదు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది.

దుబాయ్ పోటీ, ప్రయోగశాలల్లో తయారయ్యే వజ్రాలు ఈ ఊరిని కూడా ఇప్పుడు కుంగదీస్తున్నాయి. కట్టుబాట్లు బిగిసేకొద్దీ కొందరు వర్తకులు వదులుగా ఉన్నచోటికి తరలిపోతున్నారు. అంటే ఆంట్‌వెర్ప్‌ను నిలబెట్టిన రెండు కాళ్ళూ ఇవాళ చెరోవైపు లాగుతున్నాయి. అయినా కట్టుబాటును సడలించి మనుషులను నిలుపుకోవాలనే సలహా నాకు సరైనదిగా తోచదు. తవ్వినవాడికి కూడా జవాబుదారీ అయ్యే నమ్మకమొక్కటే ఇక అమ్మడానికి ఈ ఊరి దగ్గర మిగిలిన సరుకు. మన విషయానికొస్తే, కోహినూర్‌ను తిరిగి ఇమ్మని అడగడం న్యాయమే. వస్తే మ్యూజియంలో పెట్టుకుంటాం. కానీ ఆ రాయి పోవడం వల్ల మనం నష్టపోయినదానికంటే, రాళ్ళ చుట్టూ ఒక వర్తక వ్యవస్థను కట్టుకోకపోవడం వల్ల నష్టపోయింది ఎక్కువ. సూరత్‌లోనూ గని లేదు. అయినా ప్రపంచంలో సానదేరే వజ్రాల్లో అత్యధికం అక్కడివే, 2023లో సొంత బూర్సు భవనం కూడా తెరుచుకుంది. తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో రాళ్ళు వెతికే మనవాళ్ళకు దొరికిన రాయికి న్యాయమైన ధర ఇప్పించే బహిరంగ ఏర్పాటు ఉందా అన్నది, కోహినూర్ ఎక్కడుంది అన్నదానికంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న.