మద్యం సేవించి వాహనం నడపడం

మద్యం సేవించి వాహనం నడపడం అనగా ఆల్కహాలు ప్రభావంలో ఉన్న వ్యక్తి మోటారు వాహనాన్ని నడపడం లేదా నడపడానికి ప్రయత్నించడం. భారతదేశంలో ఇది మోటారు వాహనాల చట్టం, 1988 లోని 185వ సెక్షను క్రింద శిక్షార్హమైన నేరం. ఇది ప్రమాదకరమని తెలియక చేసేవారు బహు తక్కువ. తెలిసి కూడా ఎందుకు చేస్తారన్న ప్రశ్నకు శరీరధర్మశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, సామాజిక పరిస్థితులు మూడింటి నుండీ సమాధానాలు లభిస్తాయి.

మెదడుపై ప్రభావం

మద్యంలో మత్తు కలిగించే పదార్థం ఇథైల్ ఆల్కహాలు. ఇది జీర్ణం కానవసరం లేకుండానే జీర్ణాశయం, చిన్నప్రేగుల గోడల గుండా రక్తంలో చేరి, కొద్ది నిమిషాలలోనే మెదడును తాకుతుంది. మంచిచెడ్డలను బేరీజు వేసే శక్తి, తొందరపాటును అదుపు చేసుకొనే శక్తి తొలి దశలోనే మందగిస్తాయి. నడక తడబడక ముందే, మాట ముద్దగా రాక ముందే వివేచన తగ్గుతుంది. ఆ విధంగా, తాను బండి నడపగలడో లేదో తేల్చవలసిన మెదడే అప్పటికి మత్తుకు లోనై ఉంటుంది.

కారణాలు

సమీప విషయాలపైనే దృష్టి: అమెరికన్ మనస్తత్వవేత్తలు క్లాడ్ స్టీల్, రాబర్ట్ జోసెఫ్స్ 1990లో మద్యం కలిగించే స్థితిని హ్రస్వదృష్టితో పోల్చారు. మత్తులో ఉన్నవారికి ఎదుట ఉన్న విషయం స్పష్టంగాను, దూరాన ఉన్నది మసకగాను తోస్తుంది. ఇంటికి చేరాలన్న కోరిక, చేతిలోని తాళంచెవి దగ్గరి విషయాలు. ప్రమాదం, జైలు దూరపు విషయాలు.

మత్తు దిగిందన్న భ్రమ: రక్తంలో ఆల్కహాలు పెరుగుతున్నప్పుడు కనిపించే మత్తు, అదే మోతాదు తగ్గుతున్నప్పుడు కనిపించదని ఎడ్వర్డ్ మెలన్‌బీ 1919లో గమనించారు. కొంతసేపటికి తేరుకున్నట్లు అనిపించినా, డ్రైవింగు సామర్థ్యం అంత త్వరగా తిరిగిరాదు.

ముందే జరిగిపోయిన నిర్ణయం: విందుకు సొంత వాహనంపై వెళ్ళిన వ్యక్తి తిరుగు ప్రయాణాన్ని కూడా చాలవరకు అప్పుడే నిర్ణయించుకున్నట్లు లెక్క. పొద్దుపోయాక బస్సులు తక్కువ, ఆటో ఖర్చు ఎక్కువ. బండిని అక్కడే వదిలితే పోతుందన్న భయం, తెల్లవారి పనికి అదే కావాలన్న అవసరం దీనికి తోడవుతాయి.

పట్టుబడని అనుభవం: పలుమార్లు క్షేమంగా ఇల్లు చేరిన వ్యక్తి అది తన నైపుణ్యమని భావిస్తాడు. ప్రతి క్షేమ ప్రయాణమూ తరువాతి తప్పుకు ధైర్యాన్నిస్తుంది.

తోటివారి ప్రభావం: తాళంచెవి ఇవ్వమని అడగడం అవమానంగాను, ఇవ్వడం చేతకానితనంగాను భావించే వాతావరణంలో ఎవరూ నోరు మెదపరు.

అపోహలు

బీరు తేలికైనదని పలువురి నమ్మకం. 5 శాతం ఆల్కహాలు గల 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో సుమారు 25 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 42.8 శాతం గల విస్కీ 60 మిల్లీలీటర్లలో ఉండేది సుమారు 20 గ్రాములే.

నిమ్మరసం, కాఫీ, చన్నీటి స్నానం మత్తును దించుతాయన్నది మరొక అపోహ. ఆల్కహాలును విచ్ఛిన్నం చేసేది ప్రధానంగా కాలేయం. రక్తంలో దాని పరిమాణం సగటున గంటకు 100 మిల్లీలీటర్లకు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. అర్ధరాత్రి 130 మిల్లీగ్రాములు ఉన్న వ్యక్తికి ఉదయం ఆరు గంటలకు ఇంకా సుమారు 40 మిల్లీగ్రాములు ఉంటాయి. అనగా నిద్రించి లేచినా అతడు చట్టం దృష్టిలో నేరస్థుడే.

చట్టం

185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్లు శ్వాస పరీక్షలో తేలితే నేరం. 2019 సవరణ తరువాత మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ, మళ్ళీ చేస్తే రెండేళ్ళ వరకు జైలు లేదా 15,000 రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. రక్తంలో ఆల్కహాలుకు చట్టబద్ధమైన పరిమితిని నార్వే 1936లోనే విధించింది. శ్వాస పరీక్షకు వాడే బ్రెత్‌అనలైజర్‌ను అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ 1954లో రూపొందించారు.

పరిణామాలు

ఈ నిర్ణయపు మూల్యం తరచు ఇతరులు చెల్లిస్తారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద 44వ జాతీయ రహదారిపై, మద్యం సేవించిన యువకుడు నడుపుతున్న మోటారు సైకిలు పడిపోయి అతడు మరణించాడు. రోడ్డుపై పడి ఉన్న ఆ బండిని హైదరాబాదు నుండి బెంగుళూరు వెళ్తున్న బస్సు ఢీకొని ఈడ్చుకుపోగా మంటలు చెలరేగి, 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు.

నివారణ

శిక్ష తీవ్రత కంటే పట్టుబడటం ఖాయమన్న నమ్మకమే ఎక్కువగా నిరోధిస్తుందని నేరశాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1982 డిసెంబరులో ఎవరినైనా ఆపి పరీక్షించే పద్ధతిని ప్రవేశపెట్టాక మరణాలు గణనీయంగా తగ్గాయి. హైదరాబాదులో పట్టుబడినవారికి గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ కేంద్రాలలో కుటుంబ సభ్యుల సమక్షంలో కౌన్సెలింగు నిర్వహించే పద్ధతి ఏర్పడింది.

వ్యక్తిగత స్థాయిలో ముఖ్యమైనది నిర్ణయ సమయం. మొదటి గ్లాసు తరువాత తీసుకొనే నిర్ణయం నమ్మదగినది కాదు కనుక, తిరుగు ప్రయాణం ఎలాగో ఇంటి నుండి బయలుదేరేటప్పుడే నిశ్చయించుకొని, వాహనాన్ని ఇంటివద్దనే ఉంచడం ఉత్తమం.